ఒక్క రాత్రిలో క్యాబేజీ ఆకులు జల్లెడైపోయాయి, మందు కొట్టకుండా పురుగును ఆపేదెలా?

పటమట_మిద్దెతోట
నవంబర్ 9, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలో మా మేడ మీద మూడేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. ఈసారి వానలు తగ్గుముఖం పట్టాక పద్నాలుగు క్యాబేజీ, ఎనిమిది టమాటా, నాలుగు వంగ మొక్కలు, ఒక బీర పాదు పెట్టాను. నిన్న సాయంత్రం నీళ్లు పోసినప్పుడు అంతా బాగానే ఉంది. ఈ ఉదయం వెళ్లి చూస్తే మూడు క్యాబేజీ మొక్కల ఆకులు జల్లెడలా ఉన్నాయి. ఒక ఆకుకైతే ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. టమాటాల్లో రెండు పచ్చి కాయలకు గుండ్రటి రంధ్రాలు పడ్డాయి. వంగ మొవ్వులు నాలుగు వాడిపోయి వేలాడుతున్నాయి.

గంటసేపు వెతికాను, ఒక్క పురుగు కూడా కనిపించలేదు. మా పాప టిఫిన్ బాక్సులోకి వెళ్లే కూరలండీ ఇవి. మార్కెట్‌లో దొరికేవి వద్దనుకునే ఇంత కష్టపడి పెంచుతున్నాను. పురుగుమందు కొట్టను. ఇంట్లో వేపనూనె సీసా ఉంది. ఎలా వాడాలి, ఎంత వాడాలి? దయచేసి చెప్పండి.

భవానీపురం_బాల్కనీ
నవంబర్ 9, రాత్రి 9.05

అక్కా, మాకూ ఇదే టెన్షన్. కుండీల్లో తోటకూర వేశాను. ఆకులు దగ్గరికి చుట్టుకుపోయి లోపల సాలెగూడులా ఉంది. విప్పితే సన్నటి పచ్చ పురుగు. మీకు ఎవరైనా చెబితే నేనూ అదే చేస్తాను.

కృష్ణలంక_కూరలు
నవంబర్ 9, రాత్రి 9.30

అంత కంగారు ఎందుకండీ? లీటరు నీళ్లకు నాలుగు చుక్కలు మందు కలిపి ఒక్కసారి కొట్టండి, పది రోజులు ఆగి కోసుకోండి. పొలాల్లో చేసేది అదే కదా. మొక్కలు పోయాక ఎంత సేంద్రియం అనుకున్నా ఏం లాభం?

ఏటుకూరు_రైతుబిడ్డ
నవంబర్ 9, రాత్రి 10.15

కృష్ణలంక అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ నేను చిన్నప్పుడు చూసింది చెప్పకుండా ఉండలేను. మాది గుంటూరు పక్కన ఏటుకూరు. 1987లో మా నాన్న పత్తి వేశారు. ఆ ఏడాది శనగపచ్చ పురుగు పడింది. అప్పటికి కొత్తగా వచ్చిన పైరిథ్రాయిడ్ మందులు మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆ ఏడు మాత్రం కొట్టిన మర్నాడు కూడా పురుగు కాయలో తల పెట్టి తింటూనే ఉంది. నాన్న రెండు రోజులకోసారి కొట్టారు. రెండు మందులు కలిపి కూడా కొట్టారు. పురుగు చావలేదు, దాన్ని తినే పురుగులూ పిట్టలూ మాత్రం పోయాయి. పురుగు మందుకు తట్టుకునే శక్తి తెచ్చుకుందని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ సీజను ఎన్ని ఇళ్లు ఆర్పేసిందో మా వయసు వాళ్లకు తెలుసు.

పటమట అక్క టమాటాలో రంధ్రం చేసింది బహుశా ఆ పురుగే. తల కాయ లోపల, ఒళ్లు బయట ఉంటుంది. పద్నాలుగు మొక్కలున్న మేడ మీద దాన్ని చేత్తో పట్టొచ్చు. యాభై ఎకరాల్లో ఆ వీలు ఉండదు. మనకు ఉన్న వీలును ఎందుకు వదులుకోవాలి?

లాం_రోడ్డు
నవంబర్ 10, ఉదయం 6.10

అమ్మా, ముందు ఏమీ కొట్టకండి. మీ తోటలో ఒకటి కాదు, కనీసం మూడు రకాల పురుగులు ఉన్నాయి. మూడింటికీ ఒకే వైద్యం పనికిరాదు. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగాను. రైతు "పురుగు పడింది" అనగానే నేను అడిగే మొదటి మాట "ఏ పురుగు?" అనే. మీరు కూడా ఇవాళ అదే తేల్చండి.

క్యాబేజీ ఆకు ఈనెలు మిగిలేలా తిన్నది పొగాకు లద్దె పురుగు అయ్యుంటుంది. దీని పెద్ద పురుగు పగలు మట్టిలోకి, టబ్బు అంచు కిందికి, రాలిన ఆకుల్లోకి వెళ్లి దాక్కుంటుంది. రాత్రి బయటికొచ్చి తింటుంది. అందుకే పగలు గంటసేపు వెతికినా మీకు దొరకలేదు. రాత్రి తొమ్మిది దాటాక టార్చిలైటు పట్టుకుని వెళ్లండి. ఒక డబ్బాలో సబ్బు నీళ్లు తీసుకెళ్లి, దొరికినవి దొరికినట్టు అందులో వేయండి. ఆకుల మీద, టబ్బు అంచున నల్లటి గింజల్లాంటి రెట్ట కనిపిస్తే దాని పై ఆకులోనే పురుగు ఉందని గుర్తు.

ఆ తర్వాత ముఖ్యమైన పని, ఆకుల అడుగు చూడటం. లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు రెండు మూడు వందల గుడ్లు ఒకే కుప్పగా పెట్టి, తన ఒంటి నూగుతో కప్పేస్తుంది. చూడటానికి ఆకు అడుగున బిస్కెట్ రంగు దూది అంటుకున్నట్టు ఉంటుంది. నాలుగైదు రోజుల్లో పొదుగుతుంది. పొదిగిన పిల్లలు రెండు మూడు రోజులు గుంపుగా అదే ఆకు మీద పచ్చదనం గీకుతూ ఉంటాయి, ఆకు పలచటి తెల్ల కాగితంలా అవుతుంది. ఆ దశలో ఒక్క ఆకు తుంచి సబ్బు నీళ్లలో వేస్తే మూడు వందల పురుగులు పోయినట్టే. అవి విడిపోయి తోటంతా పాకాక మూడు వందల సార్లు వంగాలి.

వంగ మొవ్వు సంగతి వేరు. మొవ్వు, కాయ తొలిచే పురుగు లేత కొమ్మ లోపల ఉంటుంది. మీరు బయట ఏది కొట్టినా దానికి తగలదు. వాడిన చోటికి ఒక అంగుళం కింద తుంచేసి, తుంచిన కొమ్మను మేడ మీద పడేయకుండా సంచిలో కట్టి బయట పారేయండి. రంధ్రం ఉన్న వంకాయా అంతే. చీల్చి చూస్తే లేత గులాబీ రంగు పురుగు ఉంటుంది. ప్రతి మూడు రోజులకోసారి ఈ పని చేస్తే మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది.

సింగ్‌నగర్_గోంగూర
నవంబర్ 10, మధ్యాహ్నం 1.20

మాస్టారు చెప్పినదంతా నిజం. నేను ఒక్కటే కలుపుతాను. ఒక దుకాణంలో సేంద్రియ మందు అని చెప్పి లేబుల్ లేని సీసా ఇచ్చారు. అప్పుడు నాకేమీ తెలియదు. కొట్టిన సాయంత్రానికి బీర పువ్వుల కింద నాలుగు తేనెటీగలు చచ్చిపడి ఉన్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను. లోపల ఏముందో, తయారీ తేదీ ఏమిటో, ఎంత కలపాలో రాసి లేని సీసా ఏదైనా సరే, మన మేడ ఎక్కనివ్వకూడదు.

పటమట_మిద్దెతోట
నవంబర్ 10, రాత్రి 10.50

మాస్టారూ, మీకు చేతులెత్తి దణ్ణం. తొమ్మిదిన్నరకు టార్చి పట్టుకుని మావారూ నేనూ వెళ్లాం. ఇరవై రెండు పురుగులు దొరికాయి. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు, ఒంటి మీద నల్ల మచ్చలు. ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకుపోతున్నాయి. టబ్బుకీ ఇటుకకీ మధ్య సందులోనే ఆరు ఉన్నాయి. మీరు చెప్పిన బిస్కెట్ రంగు దూది కూడా దొరికింది, క్యాబేజీ మీద కాదు, పక్కనే పిట్టగోడ దగ్గర తనంతట తాను మొలిచిన ఆముదం మొక్క ఆకు కింద!

ఒక తప్పు కూడా చెప్పాలి. మీ పోస్టు చూడకముందు, ఇవాళ ఉదయం పదకొండున్నరకు వేపనూనెలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొట్టేశాను. ఎంత కలపాలో తెలియక కొంచెం ఎక్కువే పడింది. సాయంత్రానికి టమాటా ఆకుల అంచులు మాడి గోధుమరంగులోకి వచ్చాయి. మొక్క బతుకుతుందా?

కొరిటెపాడు_కాకర
నవంబర్ 11, ఉదయం 7.00

బతుకుతుందమ్మా. ఇప్పుడే మంచి నీళ్లతో ఆకులు కడిగేయండి. మాడిన ఆకులు వెంటనే కొయ్యకండి, కొత్త చిగురు వచ్చాక తీసేయొచ్చు. వేపనూనె ఎండలో కొట్టకూడదు. ఆకు కాలుతుంది, పైగా అందులో పనిచేసే అజాడిరక్టిన్ ఎండకు తొందరగా విరిగిపోతుంది. సాయంత్రం అయిదున్నర తర్వాతే కొట్టాలి. లీటరుకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచా. నూనె నీళ్లలో కలవడానికి ముందుగా కుంకుడు రసంతో చిలకాలి, పాలలా తెల్లబడ్డాక నీళ్లు పోయాలి. తలంటుకు కొట్టుకునే కుంకుడుకాయలే, నాలుగు చాలు. మొదట ఒక్క మొక్క మీద కొట్టి మర్నాడు చూసి, ఆ తర్వాతే మిగతావాటికి.

నేనైతే నూనె కన్నా వేప గింజల కషాయాన్నే నమ్ముతాను. మా వీధి చివర పెద్ద వేపచెట్టు ఉంది. ఆషాఢంలో పళ్లు రాలినప్పుడు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో ఉంచుతాను. బూజు పట్టి నల్లబడ్డ గింజ పనికిరాదు. లీటరు నీళ్లకు 50 గ్రాముల పప్పు చొప్పున కచ్చాపచ్చాగా దంచి, పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను నీళ్లలో పిండుతూ ఉంటే నీళ్లు తెల్లగా మారతాయి. వడకట్టి, కొంచెం కుంకుడు రసం కలిపి ఆ సాయంత్రమే కొట్టేయాలి, నిల్వ ఉంచకూడదు. ఆకు అడుగు తడవాలి, అది మర్చిపోవద్దు.

ఇది కొట్టగానే పురుగు టపటపా రాలిపోదు. చాలామంది మర్నాడు పురుగు కదులుతుంటే వేప పనిచెయ్యదని వదిలేస్తారు. ఆకు చేదుగా అనిపించి తిండి తగ్గిస్తుంది, కుబుసం విడవలేక పోతుంది. లేత పురుగు మీద బాగా పనిచేస్తుంది. వేలంత లావైన పురుగుకు మాత్రం మన వేళ్లే మందు.

నల్లపాడు_నాటుతోట
నవంబర్ 11, ఉదయం 9.45

అగ్నిఅస్త్రం ఎవరూ చెప్పలేదేం? గోమూత్రంలో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు వేసి కాచి, వడకట్టి కొడితే కాయ తొలిచే పురుగు దగ్గరికి రాదు. ప్రకృతి వ్యవసాయం చేసే వాళ్లంతా వాడేదే. పొగాకు బోర్డే మన గుంటూరులో ఉంది, పొగాకు కాడలకు కరువా?

లాం_రోడ్డు
నవంబర్ 11, మధ్యాహ్నం 12.30

నల్లపాడు తమ్ముడూ, పొలంలో అగ్నిఅస్త్రం వాడే రైతులను నేను తప్పుపట్టను. కానీ ఇంటి మేడ మీద, తోటకూర, కొత్తిమీర, పాప టిఫిన్ బాక్సు ఉన్నచోట పొగాకు వద్దని నా గట్టి అభిప్రాయం. సహజం అన్నంత మాత్రాన మెత్తనిది కాదు. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. తడి పొగాకు ఆకు కొట్టే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది అందుకే. తేనెటీగకూ, మేలు చేసే పురుగుకూ కూడా అది విషమే. ఇంకొకటి, టమాటా, వంగ, మిరప, పొగాకు అన్నీ ఒకే కుటుంబం. పొగాకు పట్టుకున్న చేతులతో టమాటా ముట్టుకుంటే మొజాయిక్ వైరస్ అంటుకునే ప్రమాదం ఉంది. పొగాకు తీసేసి మిర్చి, వెల్లుల్లితో మాత్రమే చేసుకోండి. అది కూడా గాలికి ఎదురుగా కొట్టకండి, కళ్లు మండిపోతాయి.

నల్లపాడు_నాటుతోట
నవంబర్ 11, సాయంత్రం 6.15

నిజమే మాస్టారూ. మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. సాయంత్రం వచ్చి తల తిరుగుతోందని పడుకునేది, మేం అలసట అనుకునేవాళ్లం. ఇంటి మొక్కలకు పొగాకు మానేస్తాను.

భవానీపురం_బాల్కనీ
నవంబర్ 12, ఉదయం 8.20

నా తోటకూరకు ఏం చేయాలి? చుట్టుకున్న ఆకు లోపలికి కషాయం వెళ్లదు కదా. బీటీ పొడి అని ఒకటి ఉందట, అది బీటీ పత్తిలాంటిదేనా? భయంగా ఉంది.

లాం_రోడ్డు
నవంబర్ 12, ఉదయం 10.00

భయం వద్దమ్మా. బీటీ అంటే బాసిల్లస్ తురింజెన్సిస్, మట్టిలో సహజంగా ఉండే బ్యాక్టీరియా. జపాన్‌లో పట్టుపురుగులు చచ్చిపోతుంటే కారణం వెతుకుతూ 1901లో దీన్ని కనుక్కున్నారు. ఆ పేరు మాత్రం తర్వాత జర్మనీలోని తురింజియా నుంచి వచ్చింది. అది తయారుచేసే ప్రొటీన్ స్ఫటికం లద్దె పురుగుల కడుపులోని క్షార గుణానికే కరిగి విషంగా మారుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా దానికి అతుక్కునే చోటు మన పేగుల్లో లేదు. పత్తిలో ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువును మొక్కలోనే పెట్టారు. మీరు ఆకు మీద చల్లేది బ్యాక్టీరియా పొడి. వాటి మధ్య తేడా అంతే.

పురుగు తింటేనే పనిచేస్తుంది. తిన్న కొన్ని గంటల్లో మేత మానేస్తుంది, రెండు మూడు రోజులకు నల్లబడి చనిపోతుంది. ప్యాకెట్ మీద కుర్‌స్టాకీ అని ఉన్నది తీసుకోండి, మోతాదు కూడా దాని మీద రాసినంతే. ఎండకు చెడుతుంది కాబట్టి ఇదీ సాయంత్రమే. కానీ వారం వారం అలవాటుగా కొట్టకండి. క్యాబేజీ మీద పడే డైమండ్ బ్యాక్ మాత్ అనే చిన్న పురుగు బీటీకి కూడా తట్టుకోవడం నేర్చుకుంది. ఏటుకూరు తమ్ముడు చెప్పిన పత్తి కథ ఏ మందుకైనా వర్తిస్తుంది.

మీ తోటకూరకు మాత్రం ఇదేమీ అక్కర్లేదు. చుట్టుకున్న ఆకు చుట్టుకున్నట్టే కోసి పారేయండి, మిగతాది వండుకోండి. తోటకూర మళ్లీ చిగురిస్తుంది. ఈసారి విత్తనం చల్లిన రోజే కుండీ మీద సన్నటి దోమతెర కట్టండి. అంచులు బిగించి మట్టిలోకి దోపితే రెక్కల పురుగు గుడ్డు పెట్టలేదు.

సింగ్‌నగర్_గోంగూర
నవంబర్ 12, మధ్యాహ్నం 3.10

దోమతెర క్యాబేజీకీ, ఆకుకూరలకూ భేష్. బీర, సొర, కాకర పూతకొచ్చాక మాత్రం తీసేయాలి. ఈగలు రాకపోతే పిందె నిలవదు. మొన్నటి ఏడాది నేను తియ్యలేదు, పాదు నిండా పూలే, ఒక్క కాయ లేదు.

పటమట_మిద్దెతోట
నవంబర్ 12, రాత్రి 9.15

ఒక మాట అడగాలి. ఇది కార్తీక మాసం. పొద్దున దీపం పెట్టి రాత్రి డబ్బాడు పురుగుల్ని సబ్బు నీళ్లలో ముంచాలంటే మా అత్తగారికి చాలా బాధగా ఉంది. నాకూ ఉంది. ఇంకో దారి ఉందా?

కొరిటెపాడు_కాకర
నవంబర్ 13, ఉదయం 6.40

మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చిందమ్మా. అంచులు నున్నగా ఎత్తుగా ఉన్న స్టీలు పళ్లెంలో పురుగులు వేసి తెల్లవారుజామున పిట్టగోడ మీద పెట్టండి. రెండు రోజులు పట్టించుకోవు, మూడోరోజు గోరింకలు వచ్చేస్తాయి. మా ఇంట్లో ఇప్పుడు పళ్లెం పెట్టకముందే వచ్చి కూర్చుంటున్నాయి. తోటలో రెండు కర్రలు అడ్డంగా కట్టి నిలబెడితే అవే దిగి టమాటా చెట్లలో ఏరుకుంటాయి. పొలంలో పక్షి స్థావరాలు పెట్టేది ఇందుకే.

ఆ ఆముదం మొక్కను పీకేయకండి. మా గుంటూరు మిరప చేల గట్ల మీద ఆముదం వేసేది ఎర కోసమే. లద్దె పురుగు తల్లికి ఆముదం అంటే ఇష్టం. గుడ్లన్నీ అక్కడ పెడితే మీరు ఒక్క మొక్క చూసుకుంటే సరిపోతుంది. టమాటా పక్కన ముద్దబంతి కూడా అలాగే. అయితే బంతి నారు టమాటా నారు కన్నా పదిహేను ఇరవై రోజులు ముదురుగా ఉండాలి. టమాటా పూతకొచ్చే వేళకి బంతి కూడా పూసి ఉంటేనే పచ్చ పురుగు తల్లి అటు వెళ్తుంది. చాలామంది రెండూ ఒకే రోజు నాటి, పనిచెయ్యలేదంటారు. ఎర మొక్క పెట్టి దాన్ని చూడకపోతే మాత్రం అదే పురుగులకు పుట్టిల్లు అవుతుంది.

భవానీపురం_బాల్కనీ
నవంబర్ 13, ఉదయం 11.30

కరివేపాకు మీద పిట్ట రెట్టలా ఉన్న పురుగులు మూడు ఉన్నాయి. కదిలిస్తే తల దగ్గర ఎర్రటి కొమ్ములు బయటపెట్టి వాసన వదులుతున్నాయి. ఇవీ తీసేయాలా?

సింగ్‌నగర్_గోంగూర
నవంబర్ 13, మధ్యాహ్నం 12.05

మూడే కదా, ఉండనీ చెల్లీ. అవి సీతాకోకచిలుక పిల్లలు. పెద్దయితే ఆకుపచ్చగా మారతాయి. చిన్న మొక్కయితే వేరే పెద్ద కరివేప చెట్టు మీదకో నిమ్మచెట్టు మీదకో మార్చు. మా చెట్టు మీద ఏటా నాలుగైదు పెరుగుతాయి. చెట్టుకేమీ కాలేదు. బీటీ కొట్టేటప్పుడు మాత్రం ఆ మొక్క మీద పడకుండా చూడు, అది వీటినీ చంపుతుంది.

పటమట_మిద్దెతోట
నవంబర్ 19, రాత్రి 8.00

వారం తర్వాత రాస్తున్నాను. మొదటి రాత్రి ఇరవై రెండు, రెండో రాత్రి పదిహేడు, నిన్న రెండే. వేప గింజల కషాయం రెండుసార్లు కొట్టాను. టబ్బుల్లో పై మట్టి రెండంగుళాలు తిరగేస్తే ముదురు గోధుమరంగు గూటి పురుగులు తొమ్మిది దొరికాయి, అవీ గోరింకలకే. వంగ కొత్త మొవ్వులు వేసింది. మాడిన టమాటాకు చిగురు వచ్చింది.

కొత్త సందేహం. క్యాబేజీ ఆకు అడుగున రెండు రకాల తెల్ల గూళ్లు ఉన్నాయి. ఒకటి దోమతెర గుడ్డలా పలచగా ఉంది, లోపల పురుగు కనిపిస్తోంది. ఇంకోటి బియ్యపు నూకంత, దూదిలా మందంగా, లోపల ఏమీ కనిపించట్లేదు. రెండూ చిదిమేయనా?

లాం_రోడ్డు
నవంబర్ 19, రాత్రి 8.25

ఆగండమ్మా! పలచటిది డైమండ్ బ్యాక్ మాత్ గూడు, అది తీసేయండి. మందంగా ఉన్నది మన మిత్రుడిది అయ్యుంటుంది. ఒక చిన్న కందిరీగ జాతి ఆ పురుగు ఒంట్లోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపల పెరిగి బయటికొచ్చి ఆ గూడు అల్లుకుంటుంది. అనుమానంగా ఉంటే ఆకు ముక్కతో సహా గాజు సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి నాలుగైదు రోజులు నీడన ఉంచండి.

పటమట_మిద్దెతోట
నవంబర్ 23, ఉదయం 7.10

మాస్టారూ, వచ్చింది! సీసాలో గూడు పైభాగం చిన్న మూత తీసినట్టు గుండ్రంగా తెరుచుకుని ఉంది. పక్కన చీమకన్నా చిన్న నల్లటి కందిరీగ, మీసాలు ఊపుతూ గాజు మీద పాకుతోంది. మా పాప భూతద్దం పెట్టి పావుగంట చూసింది. స్కూలు బస్సు వచ్చేలోపు ఇద్దరం మేడ మీదకెళ్లి, క్యాబేజీ పక్కన గుడ్డ విప్పాం. కాసేపు సీసా అంచు మీద నిలబడి, నాలుగో టబ్బు వైపు ఎగిరింది. ఆకులు తిరగేసి చూశాను, అలాంటి మందపాటి గూళ్లు ఇంకా పదకొండు ఉన్నాయి. ఆ టబ్బుల మీద ఇక వేపనీళ్లు కూడా కొట్టట్లేదు.